కొరియన్ భాషను సహజంగా మాట్లాడడం, ఆ సంస్కృతిని అర్థం చేసుకోవడం: తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

కొరియన్ మాటలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాను. వాటిలో హ్రస్వమైన ‘ఒ’ కనిపించిన చోట నోరు కొంచెం తెరిచి అ, ఒ ల నడుమ పలకాలి. దీర్ఘమైన ‘ఓ’ కనిపించిన చోట పెదవులను గుండ్రంగా చుట్టాలి. కొరియన్‌లో ఇవి రెండు వేర్వేరు అచ్చులు.

కొరియన్ నేర్చుకోవాలంటే ముందు ఇంగ్లీషు బాగా రావాలా?

అవసరం లేదు. దొరికే పాఠ్యపుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉన్నందువల్ల చాలామంది కొరియన్ వాక్యాన్ని ముందు ఇంగ్లీషులోకి, ఆ తరువాత తెలుగులోకి మార్చుకుంటారు. దీనివల్ల శ్రమ రెట్టింపవుతుంది. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ కొరియన్‌ను అత్యంత కఠినమైన భాషల వర్గంలో చేర్చి, దానికి సుమారు 2,200 తరగతి గంటలు పడతాయని లెక్క కట్టింది. అయితే ఆ లెక్క ఇంగ్లీషు మాతృభాషగా గలవారిది. క్రియను వాక్యం చివర పెట్టడం, విభక్తిని నామవాచకం వెనుక తగిలించడం వారు కొత్తగా నేర్చుకోవాలి. మనం పుట్టినప్పటి నుంచి అలాగే మాట్లాడుతున్నాము. కాబట్టి కొరియన్ వాక్యాన్ని నేరుగా తెలుగు పక్కన పెట్టి చూడడం అలవాటు చేసుకోండి.

తెలుగుకూ కొరియన్‌కూ నిజంగా చుట్టరికం ఉందా? ‘ఒమ్మా’ అంటే అమ్మే కదా?

అమ్మను ఒమ్మా అనడమూ, నాన్నను అప్పా అనడమూ, ‘నేను’కు ‘నా’ అనడమూ చూసి ఈ సందేహం రావడం సహజమే. 1905లోనే హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ విద్యావేత్త కొరియన్‌నూ ద్రావిడ భాషలనూ పోలుస్తూ ఒక వ్యాకరణం ప్రచురించాడు. అయితే ఈ రెండూ ఒకే మూలభాష నుంచి పుట్టాయన్న వాదనను నేటి భాషాశాస్త్రజ్ఞులు అంగీకరించరు. తల్లిని పిలిచే పదాలు లోకంలోని అనేక భాషల్లో ఇలాగే ఉంటాయి కనుక వాటితో చుట్టరికాన్ని నిరూపించలేము. రక్తసంబంధం లేకపోయినా వాక్యనిర్మాణంలో ఉన్న పోలిక మాత్రం చాలా లోతైనది, నేర్చుకునేవారికి నిజంగా ఉపయోగపడేది కూడా అదే.

లిపి నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

గుర్తుపట్టడానికి రెండు మూడు రోజులు, తడుముకోకుండా చదవడానికి మూడు నాలుగు వారాలు చాలు. సెజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రకటించిన ఈ లిపిలో అప్పుడు 28 అక్షరాలుండేవి. ఇప్పుడు 14 హల్లులు, 10 అచ్చులు మిగిలాయి. పలికేటప్పుడు నాలుక, పెదవులు, గొంతు ఏ ఆకారంలో ఉంటాయో హల్లుల రూపం దాన్నే సూచిస్తుంది. మనం గుణింతంలో హల్లుకు అచ్చును తగిలించినట్టే వారు కూడా హల్లునూ అచ్చునూ ఒకే గడిలో కూర్చి రాస్తారు. అచ్చు తరువాత వచ్చే పొల్లు హల్లును ఆ గడి అడుగున ఉంచుతారు.

లిపి వచ్చిన రోజు నుంచే మాటలను తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసుకోవడం మానేయండి. ఈ పేజీలో నేను ఆ పని చేస్తున్నది ఇంకా లిపి రానివారి కోసమే.

నేను సరిగానే పలుకుతున్నాననిపిస్తుంది, కానీ కొరియన్లకు అర్థం కావడం లేదు. ఎందుకు?

మన ‘క, ఖ, గ’ వారి మూడు ధ్వనులకు సరిగ్గా సరిపోతాయని మనం అనుకోవడమే ఇందుకు కారణం. వారి ధ్వనుల్లో ఒకటి సాదా, ఒకటి బిగువు, ఒకటి ఒత్తు. ఒత్తు ధ్వని మన ‘ఖ, థ, ఫ’ లకు దగ్గరగా ఉంటుంది. బిగువు ధ్వని మన మామూలు ‘క, త, ప’ లకు దగ్గరగా ఉంటుంది. చిక్కంతా సాదా ధ్వనితోనే. పదం మొదట్లో అది కొద్దిపాటి ఊపిరితో, కింది స్థాయి స్వరంతో వస్తుంది. రెండు అచ్చుల మధ్య పడితే మన ‘గ, ద, బ’ లాగా మారిపోతుంది.

సియోల్‌లో అద్దె గది వెతుక్కుంటూ ఇళ్ళ దళారీ కార్యాలయానికి వెళ్ళిన రోజు నాకు ఈ విషయం తెలిసింది. గదిని ‘పాంగ్’ అంటారు, రొట్టెను ‘ప్పాంగ్’ అంటారు. నేను ‘పాంగ్’ వెతుకుతున్నానని మన ‘ప’తో స్పష్టంగానే చెప్పాను. అక్కడ కూర్చున్న పెద్దాయన లేచి తలుపు దాకా వచ్చి, వీధి మలుపులో ఉన్న బేకరీని ఎంతో ఆదరంగా చూపించాడు. మన ‘ప’లో ఊపిరి అసలు ఉండదు కాబట్టి ఆయనకు అది బిగువు ధ్వనిగానే వినిపించింది. ఆ సాయంత్రం నుంచి నేను అరచేతిని నోటి ముందు ఉంచుకుని సాధన చేశాను. రొట్టె అన్నప్పుడు చేతికి గాలి తగలకూడదు, గది అన్నప్పుడు కొంచెం తగలాలి, స్వరం కూడా దిగువ నుంచి మొదలవ్వాలి. ‘తల్’ అంటే చంద్రుడు, ‘త్తల్’ అంటే కూతురు, ‘థల్’ అంటే ముసుగు. ఈ మూడింటినీ రోజూ పదేసి సార్లు పలికి, రికార్డు చేసుకుని వినండి.

అచ్చుల్లో మనకు లేనిది ఒకటుంది. పెదవులు గుండ్రంగా చుట్టకుండా, పక్కలకు సాగదీసి ‘ఉ’ అనాలి. ‘ఉమక్’ (సంగీతం) అనే మాటలో మొదటి అచ్చు అదే.

రాసేది ఒకటి, పలికేది ఒకటిగా ఎందుకుంటుంది?

వారు రాసేటప్పుడు పదాలను విడదీసే రాస్తారు, పలికేటప్పుడు సంధి చేస్తారు. బడిలో సంస్కృత సంధులు చదువుకున్న తెలుగువారికి ఇందులో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు. వాక్ + మయము కలిసి వాఙ్మయము అయినట్టే, కుక్ + ముల్ (పులుసులోని రసం) కలిసి ‘కుఙ్ముల్’ అవుతుంది. జగత్ + మాత జగన్మాత అయినట్టే, ‘మోత్ మొగొయో’ (తినలేను) అని రాసినది ‘మోన్ మొగొయో’ అని పలుకుతుంది. వాక్ + ఈశుడు వాగీశుడైనట్టే, హన్‌గుక్ + ఒ (కొరియా భాష) ‘హన్‌గుగొ’ అవుతుంది. అనునాసిక సంధి, జశ్త్వ సంధి అని ఏనాడో కంఠస్థం చేసిన సూత్రాలు ఇంత దూరాన ఇలా అక్కరకు వస్తాయని నేను ఊహించలేదు. సూత్రాలు నేర్చుకున్న తరువాత చెవికి కూడా అలవాటు కావాలి. అందుకు ఒక పేరాను కళ్ళతో చదువుతూ, అదే సమయంలో దాని ఆడియో వినడం మంచి పద్ధతి.

వ్యాకరణంలో తెలుగు ఎక్కడ సాయపడుతుంది, ఎక్కడ దారి తప్పిస్తుంది?

సాయపడే చోట్లు ఎన్నో ఉన్నాయి. ‘మొగొ బోసెయో’ అంటే మాటకు మాటగా ‘తిని చూడండి’. రుచి చూడమనడానికి కంటితో చూసే క్రియనే వాడడం రెండు భాషల్లోనూ ఉంది. ‘మొగొ బొర్యొస్సొయో’ అన్నప్పుడు చివర ఉన్నది ‘పారవేయు’ అనే క్రియ. మనం ‘తినేశాను’ అన్నప్పుడు కూడా ‘తిని వేశాను’ అనే కదా అంటున్నాము! ‘ఇల్గున్ ఛెక్’ చదివిన పుస్తకం, ‘ఇంగ్నున్ ఛెక్’ చదువుతున్న పుస్తకం, ‘ఇల్గుల్ ఛెక్’ చదవబోయే పుస్తకం. వీటి కోసం ఇంగ్లీషు పుస్తకాలు పేజీల కొద్దీ వివరణ ఇస్తాయి, తెలుగువారికి ఈ ఒక్క వరుస చాలు. ఇతరుల మాటను చెప్పేటప్పుడు మనం వాడే ‘అని’కి సమానంగా వారికి ‘గో’ ఉంది. ‘ఓన్దాగో హెస్సొయో’ అంటే ‘వస్తారని అన్నారు’. కాదన్నట్టు అడిగిన ప్రశ్నకు జవాబు కూడా మన పద్ధతిలోనే ఉంటుంది. ‘తినలేదా?’ అంటే ‘అవును, తినలేదు’ అంటారు.

దారి తప్పించే చోట్లు రెండు ముఖ్యమైనవి. మన క్రియ చూడగానే కర్త ఎవరో తెలుస్తుంది: వచ్చాను, వచ్చాడు, వచ్చింది. కొరియన్‌లో ఇవన్నీ ‘వస్సొయో’నే. ఎవరు వచ్చారన్నది సందర్భాన్ని బట్టి గ్రహించాలి. రెండోది ‘నున్’, ‘గా’ అనే ప్రత్యయాల తేడా. ఇది చాలాకాలం ఇబ్బంది పెడుతుంది. ‘నేనైతే కాఫీ తాగుతాను’, ‘అన్నయ్య మాత్రం రాడు’ అన్నప్పుడు ‘అయితే, మాత్రం’ చేసే పనిలో కొంత ‘నున్’ చేస్తుంది. ‘ఎవరు వచ్చారు?’ అన్న ప్రశ్నకు కొత్తగా ఒకరిని చూపిస్తూ జవాబు చెప్పేటప్పుడు ‘గా’ వస్తుంది. ఈ పోలిక అన్ని చోట్లా సరిపోదు, కానీ మొదలుపెట్టడానికి పనికొస్తుంది.

మర్యాద వాచకాలు ఇన్ని రకాలుగా ఉన్నాయి. ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఇక్కడ తెలుగు మనకు పెద్ద అండ. కొరియన్ మర్యాదలో రెండు వేర్వేరు విషయాలున్నాయి. ఎవరి గురించి మాట్లాడుతున్నాము అన్నది ఒకటి, ఎవరితో మాట్లాడుతున్నాము అన్నది రెండోది. ‘తాతగారు వచ్చార్రా’ అని తమ్ముడితో అంటాము. ఇందులో ‘వచ్చారు’ తాతగారి కోసం, ‘రా’ తమ్ముడి కోసం. అదే మాటను పక్కింటి పెద్దాయనతో ‘తాతగారు వచ్చారండీ’ అంటాము. కొరియన్‌లో మొదటిది ‘హరబొజి ఓశ్యొస్సొ’, రెండోది ‘హరబొజి ఓశ్యొస్సొయో’. క్రియ మధ్యలో చేరిన ‘శి’ తాతగారికి ఇచ్చిన గౌరవం, చివరి ‘యో’ మన ‘అండీ’. ‘యో’ లేని మాటతీరును పన్మల్ అంటారు. సభల్లో, వార్తల్లో, ఉద్యోగపు ఇంటర్వ్యూల్లో వినిపించే ‘మ్నిదా’ రూపం ఇంకా గంభీరమైనది.

కొత్తవారితో ‘యో’ రూపం వాడితే ఎక్కడా తప్పు జరగదు. వారే ‘మాట దింపండి’ అనే అర్థంలో చనువుగా మాట్లాడమంటే తప్ప పన్మల్‌కు దిగకండి. మరొక జాగ్రత్త: ‘శి’ని మనకు మనం ఎన్నడూ వాడుకోకూడదు. తెలుగులో ‘నేను గారు వచ్చాను’ అంటే ఎలా ఉంటుందో అదీ అలాగే ఉంటుంది.

కొన్ని క్రియలు పెద్దల విషయంలో పూర్తిగా మారిపోతాయి. పెద్దలు నిద్రపోవడం ‘చుముసిదా’, చనిపోవడం ‘తోరగసిదా’, అంటే తిరిగి వెళ్ళిపోవడం. మనం ‘కాలం చేశారు’ అన్నట్టు.

నిఘంటువులో ‘మీరు’ అనే మాటకు ‘తాంగ్‌శిన్’ అని ఉంది. వాడవచ్చా?

వాడకండి. భార్యాభర్తలు ఒకరినొకరు అలా పిలుచుకుంటారు, లేదా వీధిలో తగాదా పడేవారు అంటారు. ఎదుటివారిని సర్వనామంతో కాక హోదాతోనో, వరసతోనో పిలవడం అక్కడి పద్ధతి. ఉపాధ్యాయుణ్ణి ‘సొన్‌సెంగ్‌నిమ్’ అంటారు. ఈ ‘నిమ్’ మన ‘గారు’ వంటిది. పేరు పక్కన పెట్టే ‘శ్శి’ సమాన స్థాయివారికి సరిపోతుంది, పై అధికారికి సరిపోదు.

వరసల పేర్లు కూడా మనలాగే ఉంటాయా?

ఇంగ్లీషులో ‘అంకుల్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టే చోట వారూ మనలాగే వేరువేరు పేర్లతో పిలుస్తారు. నాన్నగారి అన్నను ‘ఖున్ అబొజి’ అంటారు. ‘ఖున్’ అంటే పెద్ద, ‘అబొజి’ అంటే నాన్న. అక్షరాలా పెద్దనాన్న! నాన్నగారి తమ్ముడు ‘చగున్ అబొజి’, అంటే చిన్నాన్న. మేనత్త ‘కోమో’, అమ్మ అక్కచెల్లెళ్ళు ‘ఇమో’, మేనమామ ‘వెసమ్‌ఛోన్’. ఈ మాటలు విన్నప్పుడు నాకు పరాయి దేశంలో ఉన్నట్టే అనిపించలేదు.

తేడా ఉన్నది మేనరికంలో. మేనమామ కూతురిని పెళ్ళి చేసుకోవడం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న ఆచారం కాగా, చుట్టరికపు లెక్కలో ఎనిమిదో అంచె వరకు ఉన్న రక్తసంబంధీకుల మధ్య వివాహాన్ని దక్షిణ కొరియా పౌర స్మృతి నిషేధించింది. అందుచేత వారి భాషలో మేనబావ, మేనమరదలు అనే వరసలకు చోటు లేదు, అత్తమామల పిల్లలందరూ ‘సాఛోన్’లే. మన మేనరికాల గురించి అక్కడ చెప్పవలసి వస్తే కొంచెం నిదానంగా, సందర్భం వివరిస్తూ చెప్పండి.

అన్న, అక్క అనే మాటలు పిలిచేవారిని బట్టి మారతాయి. అన్నను తమ్ముడు ‘హ్యొంగ్’ అంటాడు, చెల్లెలు ‘ఓప్పా’ అంటుంది. అక్కను తమ్ముడు ‘నునా’ అంటాడు, చెల్లెలు ‘ఒన్ని’ అంటుంది. కొరియన్ టీవీ డ్రామాల ప్రభావంతో అబ్బాయిలు కూడా తోటివారిని ‘ఓప్పా’ అనడం నేను చాలాసార్లు విన్నాను. దాన్ని మొదట్లోనే సరిచేసుకోవాలి.

కలిసిన వెంటనే వయసు ఎందుకు అడుగుతారు?

మిమ్మల్ని ఏ వరసలో పిలవాలో తేల్చుకోవడానికి. ఒక్క ఏడాది తేడా ఉన్నా అన్నో, అక్కో అవుతారు. ‘ఛింగు’ అనే మాటను స్నేహితుడని అనువదిస్తారు గానీ, సాధారణంగా అది ఒకే ఈడు వారికే వర్తిస్తుంది. పుట్టగానే ఒక ఏడు, ప్రతి జనవరి 1న మరొక ఏడు కలిపే పాత లెక్క ఉండేది. 2023 జూన్ 28 నుంచి అధికారిక వ్యవహారాల్లో పుట్టినరోజు లెక్కనే పాటిస్తున్నారు. మాటల్లో పాత లెక్క ఇంకా వినిపిస్తుంది కనుక పుట్టిన సంవత్సరం చెప్పడమే తేలిక.

అంకెలు రెండు రకాలెందుకు?

మనకు ఒకటి, రెండు ఉన్నా ఏక, ద్వి, త్రి అని సంస్కృతం నుంచి తెచ్చుకున్నట్టే వారు చైనా నుంచి ఒక వరస తెచ్చుకున్నారు. గంటలు దేశీయ అంకెల్లో, నిమిషాలు చైనా అంకెల్లో చెబుతారు: మూడున్నర ‘సె శి సమ్‌శిప్ పున్’. దీనికి కంఠస్థం తప్ప దారి లేదు.

డ్రామాలు చూస్తే భాష వచ్చేస్తుందా?

వినడం మెరుగవుతుంది, ఒంటబట్టవలసిన స్వరం వస్తుంది. అయితే ప్రేమికులు, బాల్య స్నేహితులు, విలన్లు మాట్లాడుకునేది ఎక్కువగా పన్మల్. దాన్నే నేర్చుకుని దుకాణంలోనో, కార్యాలయంలోనో వాడితే మర్యాద తప్పినట్టవుతుంది. ఒక సన్నివేశాన్ని ఎంచుకుని, ఎవరు ఎవరితో ఏ రూపంలో మాట్లాడారో, మధ్యలో రూపం ఎప్పుడు మారిందో, ఎందుకు మారిందో గమనించండి. ఇరవై భాగాలు చూసేదానికన్నా ఇలా ఐదు నిమిషాలు చూడడంలో ఎక్కువ నేర్చుకుంటారు.

సహజంగా మాట్లాడడం అంటే అసలు ఏమిటి?

పదాలు సరిగా ఉండడమే కాదు, ఎదుటివారి మాటకు తగిన స్పందన కూడా సమయానికి రావాలి. కథ చెప్పేవారికి మనం ఊఁ కొట్టినట్టే వారికి ‘మజ్జాంగు’ ఉంది. ‘చాంగు’ అనే డోలును ఇద్దరు ఎదురెదురుగా వాయించడం నుంచి వచ్చిన మాట అది. ‘కురెయో?’, ‘చింజ్జాయో?’ అంటూ మధ్యమధ్య అందుకోకపోతే మీరు వినడం లేదనుకుంటారు.

వీడ్కోలు కూడా చూడండి. ఇంట్లోంచి బయలుదేరేవారు ‘కత్తా ఓల్‌క్కెయో’ అంటారు. అది మన ‘వెళ్ళొస్తాను’. ఇంట్లో ఉన్నవారు ‘తన్యొఓసెయో’, అంటే ‘వెళ్ళిరండి’ అంటారు. ‘పాప్ మొగొస్సొయో?’ అంటే ‘భోంచేశారా?’ అని కుశలమడగడం. ‘ఎప్పుడైనా కలిసి భోంచేద్దాం’ అంటే వెంటనే తారీఖు అడగకండి. మన ‘ఒకసారి మా ఇంటికి రండి’ వంటిదే అది.

నేను అద్దెకున్న ఇంటి అవ్వ ఒక చలికాలపు ఉదయం పొగలు కక్కుతున్న మొలకల పులుసు గిన్నెను రెండు చేతులతో పట్టుకుని తాగి, కళ్ళు మూసుకుని ‘సివొనహదా’ అంది. నిఘంటువులో ఆ మాటకు ‘చల్లగా ఉంది’ అని ఉంది. ఆమె నుదుటి మీద చెమట కనిపిస్తోంది. గొంతులోనుంచి కడుపు దాకా హాయిగా దిగిందని ఆమె భావమని తరువాత తెలిసింది. ‘ప్రాణానికి హాయిగా ఉంది’ అని మా అమ్మమ్మ వేడి చారు తాగి అనేది. ఇలాంటి మాటలను అర్థంతో కాక, విన్న సందర్భంతో సహా రాసి పెట్టుకోవాలి.

నున్‌ఛి, చొంగ్, ఉరి అనే మాటలు అనువాదానికి లొంగవంటారు. నిజమేనా?

ఇంగ్లీషుకు లొంగకపోవచ్చు, తెలుగుకు చాలావరకు లొంగుతాయి. ఎదుటివారు చెప్పకుండానే వారి మనసులో ఉన్నది కనిపెట్టడం నున్‌ఛి. మన ‘ఇంగితం’ దీనికి చాలా దగ్గరి మాట. నున్‌ఛి లేనివాడంటే ఇంగితం తెలియనివాడే. ‘చొంగ్’ అంటే కలిసి గడపగా గడపగా పుట్టే ఆపేక్ష. తిట్టుకుంటూ కూడా విడిచి ఉండలేకపోవడాన్ని వారు ‘మియున్ జొంగ్’ అంటారు.

‘ఉరి’ (మా, మన అనే మాట) గురించి ఇంగ్లీషులో చాలా వ్యాసాలున్నాయి, ఒక్కతే కూతురైనా ‘మన అమ్మ’ అంటుందేమిటని వారికి వింత. మనం ‘నా అమ్మ’ అంటామా? మా అమ్మ, మా ఇల్లు, మా ఆయన అంటాము. ‘ఉరి ఒమ్మా, ఉరి జిప్, ఉరి నమ్‌ఫ్యొన్’ సరిగ్గా అవే. కాకపోతే మేము, మనము అనే తేడా ‘ఉరి’లో లేదు. పెద్దల ముందు వినయంగా అనే ‘చొహి’ మాత్రం ఎల్లప్పుడూ ‘మేము’నే, వినేవారిని కలుపుకోదు.

భోజనం దగ్గర ఏం గుర్తుంచుకోవాలి? శాకాహారులు ఏం చేయాలి?

పెద్దవారు చెంచా ఎత్తిన తరువాత మొదలుపెట్టాలి. ఏదైనా ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ రెండు చేతులూ వాడాలి. అన్నంలో తినే పుల్లలను (చాప్‌స్టిక్స్) నిలువుగా గుచ్చకూడదు, అది మరణించినవారికి చేసే అర్పణను తలపిస్తుంది. ‘మాంసం తీసేసి ఇవ్వండి’ అనడానికి ‘కోగి ప్పెగో జుసెయో’ అంటారు గానీ, పులుసు అడుగున ఎండు చేపల రసం ఉండవచ్చు, కిమ్చీ అనే ఊరగాయలో సాధారణంగా ఉప్పురొయ్యలో చేపల రసమో కలుపుతారు. అందుకే విడిగా అడగాలి. శీతాకాలానికి ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని కిమ్చీ పెట్టుకునే ‘కిమ్‌జాంగ్’ను 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. వేసవిలో ఆవకాయ పెట్టే ఇంటి సందడి తెలిసినవారికి ఆ రోజు వేరే వివరించనక్కరలేదు.

పరీక్ష రాయాలా?

చదువుకో, ఉద్యోగానికో అయితే రాయండి. కొరియన్ భాషా సామర్థ్య పరీక్ష అయిన టోపిక్‌లో ఆరు స్థాయిలున్నాయి. మొదటి పరీక్ష 200 మార్కులకు ఉంటుంది, 80 వస్తే ఒకటో స్థాయి, 140 వస్తే రెండో స్థాయి. మూడు నుంచి ఆరు వరకు 300 మార్కుల మరొక పరీక్ష, అందులో రాతభాగం కూడా ఉంటుంది. ఫలితం రెండేళ్ళు చెల్లుతుంది. ఇందులో మాట్లాడే భాగం లేదు కనుక ఆరో స్థాయి వచ్చినా నోరు పెగలనివారు ఉంటారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం వచ్చిన తరువాత మన జిల్లాల్లో దుభాషీల అవసరం ఏర్పడింది. అటువంటి పనికి పత్రంతో పాటు కార్యాలయపు మర్యాద భాష కూడా రావాలి.

పాఠాలు అయ్యాక మొదట ఏం చదవాలి?

చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు చదవండి. వాటి నిండా జంట పదాలుంటాయి. మనకు అవి చెవిలో పడగానే అర్థమవుతాయి. నక్షత్రం ‘పన్‌జ్జక్ పన్‌జ్జక్’ మెరుస్తుంది, మనకు మిలమిల. గుండె ‘తుగున్ దుగున్’ కొట్టుకుంటుంది, మనకు దడదడ. చిన్న వాగు ‘చోల్‌జోల్’ పారుతుంది, నీరు ఎక్కువై ధారకడితే అచ్చు మారి ‘చుల్‌జుల్’ అవుతుంది. పుస్తకాన్ని పైకి చదవండి, దగ్గరలో పిల్లలుంటే వారికి వినిపించండి. ‘చోల్‌జోల్’ ఏ వాగో, ‘చుల్‌జుల్’ ఏ వాగో వారిని అడిగి చూడండి.